నీటిరంగుల చిత్రములలో దూరము



తెల్లవారుజామున చెఱువుగట్టుపై నిలిచి నలుదెసలు పరికించు అలవాటు మన పల్లెలలోని పెద్దలకు క్రొత్త కాదు. కాళ్లయొద్ద గడ్డిపోచ యొక్కొక్కటియు విడివిడిగ గోచరించును. దానికావల మడిగట్లు, వానికావల తాటిచెట్ల వరుస, ఆ వరుసకు వెనుక పొరుగూరి మామిడితోపు కనబడును. అన్నిటికిని వెనుక కొండ. ఆ కొండమీద ఎఱ్ఱమన్నును, నల్లరాళ్లును, పచ్చని పొదలును ఉన్నవని మన మెఱుగుదుము. అచ్చటికి పోయి కట్టెలు తెచ్చుకొన్నవారమే. అయినను ఇచ్చటినుండి చూచునపుడు అది నీలముగనే యుండును. వాన వెలిసిన మఱునాడు అదే కొండ మనకు దగ్గఱగ జరిగినట్లు తోచును. మంచు పట్టిన పుష్యమాసపు ఉదయమున కొండ యున్న చోటే తెలియదు. కొండ కదలలేదు, మన కన్నును మాఱలేదు. నడుమనున్న గాలియే మాఱినది.

నేటి ప్రసంగమున కంతకును ఈ చిన్న విషయమే మూలము. మూరెడు కాగితముపై ఆమడల దూరమును చూపుట యెట్లు? ఈ ప్రశ్నకు మానవుడు వెదకిన సమాధానముల చరిత్ర మిక్కిలి పొడవైనది. అందు నీటిరంగులు పొందిన స్థానమును గూర్చియు, ఆ విద్య మన గోదావరి యొడ్డునకు చేరిన తీరును గూర్చియు, చేరిన పిదప దానికి పట్టిన యొక యాపదను గూర్చియు మనవి చేసెదను.

దూరమును చూపని చిత్రము తక్కువదని యెవరును తలపరాదు. మన తోలుబొమ్మలాటలో తెరమీద నిలిచిన రామునికి వెనుక కొండలు లేవు. కలంకారీ వస్త్రముపై కథ నడపిన పనివాడు అందఱిని ఒక్క వరుసలో నిలిపెను. వారికి కావలసినది కథ; దూరము కాదు. ఊరిని, ఏటిని, కొండను చూచి, ఆ చూచినదానినే చిత్రముగ నిలుపవలెనను కోరిక కలిగినప్పుడే దూరము చిత్రకారునకు చిక్కుముడి యగును.

ఆ చిక్కును గూర్చి లోతుగ నాలోచించినవారు చీనా చిత్రకారులు. పదునొకండవ శతాబ్దమున, సుంగు వంశపు చక్రవర్తుల కాలమున, గువో షీ యను చిత్రకారుడుండెను. ఆయన 1072లో పట్టుపై సిరాతో వ్రాసిన ‘తొలి వసంతము’ అను చిత్రము నేటికిని తైపే నగరపు రాజప్రాసాద ప్రదర్శనశాలయందు భద్రముగ నున్నది. ఆయన బోధలను కుమారుడైన గువో సి గ్రంథముగ కూర్చెను. దూరము మూడు విధములని అందు చెప్పబడినది. కొండక్రింద నిలిచి శిఖరమువైపు తలయెత్తి చూచినప్పుడు కనబడునది ఎత్తైన దూరము. కొండముందు నిలిచి దాని వెనుకభాగములోనికి తొంగిచూచినప్పుడు కనబడునది లోతైన దూరము. దగ్గఱి కొండనుండి ఆవలి కొండలవైపు చూపు సాచినప్పుడు కనబడునది సమమైన దూరము. వీనిని చూపుటకు గువో షీకి తోడ్పడినది మంచు. కొండకును కొండకును నడుమ ఆయన పట్టును దాదాపు వట్టిగ విడిచెను. వ్రాయక విడిచిన ఆ చోటే పొగమంచై, ఆ పొగమంచే దూరమై మన కన్నులకు తోచును.

ఐరోపాఖండమున తొలుత బలపడిన సమాధానము గీతల లెక్క. ఇటలీ దేశమున అల్బెర్తి యను పండితుడు 1435లో చిత్రలేఖనమును గూర్చి వ్రాసిన గ్రంథమున ఈ లెక్కను వివరించెను. తిన్నని బాటకు ఇరువైపుల నున్న చెట్లు పోను పోను చిన్నవగుటయు, బాట యంచులు రెండును దూరమున నొక బిందువున కలియునట్లు కనబడుటయు మన మెఱిగినదే. దానికే వారు సూత్రము కట్టిరి. కాని బాటలకును మేడలకును చక్కగ పనికివచ్చు ఈ సూత్రము కొండకు పనికిరాదు. కొండకు తిన్నని యంచు లేదు. కనబడునది దగ్గఱనున్న చిన్నగుట్టయో, దూరముననున్న పెద్దకొండయో గీత యొక్కటే చెప్పజాలదు.

ఈ కొఱతను చక్కగ గుర్తించినవాడు లియొనార్డో డా విన్చి. ఆయన 1452లో పుట్టి 1519లో మరణించెను. ఒకే గోడకు వెనుక ఒకే యెత్తున కనబడు భవనములలో ఏది దూరమో, ఏది మఱింత దూరమో తెలుపవలెనన్న, దూరపుదానిని ఆ మేరకు ఎక్కువ నీలముగ వ్రాయవలెనని ఆయన తన వ్రాతలలో సూచించెను. నడుమనున్న గాలికి రంగు కలదని ఆయన కనిపెట్టెను. దాని కారణము మాత్రము మఱి మూడు శతాబ్దములకు పైగ గడచినగాని తేటపడలేదు. 1869లో జాన్ టిండల్ చేసిన ప్రయోగములును, 1871లో, తరువాత రేలీ ప్రభువుగ ప్రసిద్ధి కెక్కిన జాన్ స్ట్రట్ కట్టిన లెక్కలును ఆ దారి చూపినవి. గాలిలోని యణువులు ఎండలోని నీలపు వెలుగును తక్కిన వెలుగులకంటె ఎక్కువగ చెదరగొట్టును. మనకును కొండకును నడుమ అట్లు చెదరిన నీలపు వెలుగు పలుచని తెరవలె పఱచుకొనును. దూరము హెచ్చినకొలది ఆ తెర చిక్కనగును. కావున దూరమును వ్రాయుట యనగా గాలిని వ్రాయుటయే.

గాలిని వ్రాయుటకు నీటిరంగు ఎంత తగినదో యిపుడు చూతము. మెత్తగ నూఱిన రంగును తుమ్మబంకవంటి బంకతో చేర్చి, నీటితో పలుచన చేసి, కాగితముపై పూయుదురు. తైలవర్ణములతో వ్రాయువాడు తెలుపు కావలసినచోట తెల్లరంగు పూయును. నీటిరంగులలో తెలుపు కాగితమే. ఎండపడిన గోడను చూపవలెనన్న అంతమేర కాగితమును పూయక విడువవలెను. పూసినచోట వెలుగు పలుచని రంగుగుండ పోయి, కాగితమును తాకి, మరల ఆ రంగుగుండనే మన కంటికి వచ్చును. గాలి దూరపుకొండమీద కప్పు తెర యెట్టిదో, నీటిరంగు కాగితముమీద కప్పు తెరయు అట్టిదే.

పని జరుగు క్రమమును ఇందుకు తగియుండును. చిత్రకారుడు పలకను కొంచెము వాలుగ నుంచి, కాగితమును తడిపి, ముందుగ ఆకాశమును పైనుండి క్రిందికి ఒక్క పూతగ దింపును. కాగితము చెమ్మగ నుండగనే మిక్కిలి దూరపుకొండను లేతనీలముతో తాకును. చెమ్మ వలన ఆ కొండ యంచు మెత్తపడి ఆకాశములో కలిసిపోవును. అది ఆఱిన పిదప దాని ముందరి గుట్ట. అదియు ఆఱిన పిదప తోపు. ఒక్కొక్క యడుగు ముందునకు వచ్చినకొలది నీరు తగ్గును, రంగు చిక్కనగును, అంచు పదునెక్కును. కట్టకడపట కాళ్లయొద్ది రాయియు, మొద్దును, ఎఱ్ఱని బాటయు దాదాపు పొడికుంచెతో ముదురుగ వ్రాయబడును. దూరమునకు నీరెక్కువ, రంగు తక్కువ. దగ్గఱకు రంగెక్కువ, నీరు తక్కువ. ఈ విద్యకిది మూలసూత్రము. ముదురైపోయిన పూతను మరల లేత చేయుట కష్టము. కావున దగ్గఱనుండి మొదలుపెట్టి దూరమునకు పోవుట యిందు కుదరదు. ఎక్కడ ఆగవలెనో తెలియనివాడు దూరమును చెఱచును.

ఈ విద్య యొక జాతీయకళగ వర్ధిల్లినది ఇంగ్లాండు దేశమున. దాని పుట్టుకలో కళతోబాటు కత్తియు నుండెననుట చరిత్రకారుడు మఱువరాదు. 1746లో కల్లోడెన్ యుద్ధముతో స్కాట్లండు కొండప్రాంతపు తిరుగుబాటు అణచబడెను. ఆ కొండలలో దారులు తెలియక సైన్యము చిక్కులు పడియుండుటచే 1747లో సైనిక కొలత ప్రారంభింపబడెను. ఆ కొలతలో పటములు గీయుటకు పాల్ శాండ్బీ యను యువకుడు నియుక్తుడయ్యెను. పటములు గీయు చేతితోనే ఆయన ఆ లోయలను, కోటలను, మనుష్యులను నీటిరంగులలో వ్రాసెను. అనంతరము 1768లో స్థాపింపబడిన రాయల్ అకాడమీకి మూలసభ్యులలో నొకడయ్యెను. దూరమును సరిగ చూడవలసిన యక్కఱ ఫిరంగివానికిని కలదు, చిత్రకారునికిని కలదు. ఒకడు ఆ దూరమును జయింప చూచును; ఒకడు దానిముందు నిలిచి ఊరకుండును.

మన దేశమునకును ఈ కళ ఆ కాలముననే వచ్చెను. థామస్ డేనియల్, ఆయన అన్నదమ్ముల కుమారుడు విలియం డేనియల్ అను నిరువురు 1786లో కలకత్తా చేరి, 1793 వఱకు ఉత్తరమునుండి దక్షిణము వఱకు దేశమున పలుచోట్ల సంచరించిరి. చీకటిపెట్టె యను సాధనము సహాయమున ఆలయములను, ఘట్టములను, కొండలను గీసి, నీటిరంగులు పూసికొనిరి. స్వదేశమునకు పోయి, 1795కును 1808కిని నడుమ 144 చిత్రములను అచ్చొత్తించి ప్రకటించిరి. హిందూదేశమును కన్నులార చూడని వేలకొలది జనులకు మన కొండల దూరము వారి నీలపు పూతలవలననే తెలిసెను.

అప్పటివఱకు నీటిరంగనిన గీసిన బొమ్మకు పులిమిన లేతవన్నె మాత్రమే. సన్నని గీత ముందు, బూడిదరంగు నీడలు తరువాత, వానిపై కొంచెము రంగు. దానిని నిజమైన చిత్రకళగ మార్చుటకు మొదట పనిముట్లు బాగుపడవలసియుండెను. వాట్మన్ కర్మాగారమున చాఱలు లేని నున్నని గట్టి కాగితము తయారయ్యెను. అది తడిపినను, తుడిచినను, గోకినను చిరుగదు. పూర్వము చిత్రకారులు రంగులను తామే నూఱుకొనవలసియుండెను. రీవ్స్ సోదరులు నీటిలో సులభముగ కరగు రంగుబిళ్లలను చేసి, అందుకై 1781లో కళాపరిశ్రమల సంఘమువారి వెండి బహుమానమును పొందిరి. బిళ్లలపెట్టె జేబులో వేసికొని చిత్రకారుడు కొండకు ఎదురుగ పోయి కూర్చుండ గలిగెను.

అటుపిమ్మట జాన్ రాబర్ట్ కోజెన్స్ అను నాతడు ఆల్ప్సు పర్వతములను, ఇటలీ సరస్సులను నీలము, బూడిద, పలుచని పచ్చ, యీ కొన్ని వన్నెలతోనే వ్రాసి, మౌనమును చిత్రించెనా యనిపించెను. పాప మాతనికి 1794లో మతి చలించెను. ఆతనికి చికిత్స చేసిన థామస్ మన్రో యను వైద్యుడు చిత్రములయందు ప్రీతి గలవాడు. ఆ వైద్యుడు సాయంకాలములందు యువకులను తన యింటికి పిలిచి, కోజెన్సు చిత్రములకు ప్రతులు వ్రాయించుచుండెను. వారిలో నిరువురు 1775లో పుట్టిన సమవయస్కులు: థామస్ గర్టిన్, జోసెఫ్ టర్నర్. గర్టిన్ గీతలు గీయును. టర్నర్ వానిపై పూతలు పూయును. టర్నరుకు రాత్రికి 3 షిల్లింగుల 6 పెన్నీలును, భోజనమును కూలి. మతి తప్పిన మహాచిత్రకారుని పనిని దీపపు వెలుగున నకలు తీయుచు ఆ యిరువురు బాలురు గాలిని వ్రాయు విద్య నేర్చిరి.

గర్టిన్ 1800లో వ్రాసిన ‘చెల్సీయందలి తెల్లయిల్లు’ అను చిత్రము లండనులోని టేట్ చిత్రశాలలో నున్నది. సంధ్యవేళ, వెడల్పైన థేమ్సు నది, దూరపుటొడ్డున చిన్న యిల్లొకటి. చిత్రమంతయు మసకబాఱి యుండగా ఆ యిల్లొక్కటే తెల్లగ వెలుగును, దాని నీడ నీటిలో వెలుగును. ఆ తెలుపు పూసిన రంగు కాదు, విడిచిన కాగితము. చుట్టునున్న పూతలన్నియు ఆ గోరంత తెలుపును దూరమునకు నెట్టి నిలుపుటకే పనిచేయుచున్నవి. ఇట్టి పని చేసిన గర్టిన్ 1802లో, ఇరువదియేడేండ్ల వయస్సున మరణించెను. అతడు బ్రతికియున్నచో తనకు కూడు దొరకెడిది కాదని టర్నర్ చెప్పుచుండెనని పరంపరగ వచ్చిన మాట కలదు. టర్నర్ 1851 వఱకు జీవించి ఆ విద్యను శిఖరమున కెక్కించెను. 1842లో ఆయన వ్రాసిన ‘నీలపు రీగీ’ యందు లూసర్న్ సరస్సుకావల కొండ యంతయు ఒకే నీలము, పైన వేకువచుక్క, క్రింద నీటిపై తొలివెలుగు. ఆ కొండమీద రాయిగాని చెట్టుగాని విడిగ వ్రాయబడలేదు. అయినను దాని బరువును, మనకును దానికిని నడుమనున్న చల్లని గాలియు తెలియును.

ఇపుడు ఆ యాపదను గూర్చి చెప్పవలెను. ఆ కాలపు చిత్రకారులు ఆకాశమునకును దూరపు నీడలకును తఱచుగ వాడిన రంగు నీలిమందు. మన కడప, నెల్లూరు మండలముల రైతులు తరతరములు పండించిన నీలిచెట్టు సారమే యది. దానిని ఎఱ్ఱమన్నుతో కలిపినచో మేఘమునకు తగిన చక్కని బూడిదవన్నె వచ్చును. ఎఱ్ఱమన్ను ఇనుపతుప్పు గల మన్ను. అది ఎండకు చలింపదు. నీలిమందు చెట్టు సారము. పలుచగ పూసినచో వెలుగునకు క్రమముగ నశించును. కావున గోడలకు వ్రేలాడదీసిన గర్టిన్ చిత్రములు పెక్కింటిలో నీలి పోయి ఎఱుపు మిగిలెను. చల్లని బూడిదరంగు మేఘములు గులాబివన్నెకు తిరిగినవి. దూరపు కొండలు దగ్గఱకు వచ్చినవి. చూచినవారు ఆ చిత్రకారునకు వెచ్చని వన్నెలు మాత్రమే యిష్టమని తలచిరి. చిత్రకారుడు వ్రాసినది వేఱు. మనము చూచుచున్నది వేఱు.

1886లో ఇంగ్లాండునందు ఈ విషయమై పత్రికలలో తీవ్రమైన వాదము చెలరేగెను. ప్రభుత్వమువారు రసెల్, ఏబ్నీ యను శాస్త్రజ్ఞులను నియమింపగా వారు పెక్కు ప్రయోగములు చేసి 1888లో నివేదిక ప్రకటించిరి. వెలుగు, చెమ్మ, గాలి చేరినచోట రంగులు చెడుననియు, గాలి తీసివేసిన గాజుగొట్టములలో నుంచిన రంగులు చాలవఱకు నిలిచిననియు వారు కనుగొనిరి. గాలిని వ్రాసిన రంగును గాలియే వెలుగుతో కూడి హరించుచున్నదన్నమాట. నేడు పెద్ద ప్రదర్శనశాలలలో నీటిరంగుల చిత్రములను మసకవెలుతురులో కొలదినెలలు మాత్రమే చూపి, మరల పెట్టెలలో భద్రపఱతురు. ఆ వెలుతురు లక్సు అను కొలతలో 50కి మించనీయరు.

చివరకు మన గోదావరి యొడ్డునకు వత్తము. ఇరువదవ శతాబ్దపు తొలిదినములలో రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రధానాచార్యులుగ నుండెను. ఆయన స్వయముగ నీటిరంగులలో వ్రాయువాడు. ఆయన ప్రోత్సాహము పొందిన యువకులలో అడివి బాపిరాజు నొకరు, దామెర్ల రామారావు నొకరు. 1897లో పుట్టిన రామారావు బొంబాయిలోని జె. జె. కళాశాలయందు చిత్రలేఖనము నేర్చి, స్వస్థలమునకు మరలివచ్చి, రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను స్థాపించెను. మన స్త్రీల అలంకారములను, పురాణకథలను వ్రాసిన ఆ చేతితోనే గోదావరీ దృశ్యములను గూడ నీటిరంగులలో వ్రాసెను. అందు గమనింపదగిన దొకటి కలదు. ఇంగ్లాండు గాలి చెమ్మగలది, ఎండ మందము. మన యెండ నిలువునబడును. మన గాలిలో దుమ్ము కలదు. మన నదీతీరమున మధ్యాహ్నము తెల్లనగును. పైదేశపు పూతలను అట్లే తెచ్చి మన కొండకు పూసినచో ఆ కొండ మనది కాదు. ఏ యూరి దూరమును ఆ యూరి గాలినుండియే నేర్వవలెను. పొరుగువాని విద్యను నేర్చి, తన యేటిని తన కన్నులతో చూచుటయే రామారావు చేసిన పని.

ఆయన 1925లో మశూచికము సోకి మరణించెను. అప్పటికి ఆయనకు ఇరువదియేడేండ్లు. గర్టిన్ పోయిన వయస్సే. మిత్రుడైన వరదా వెంకటరత్నము మొదలగువారు ఆ శాలను నిలిపిరి. ఆయన చిత్రములు రాజమహేంద్రవరమున ఆయన పేర వెలసిన చిత్రశాలలో నున్నవి. చిన్నవయస్సున పోయిన మనిషిని మరల తేలేము. ఆయన వ్రాసిన దూరమును మాత్రము కాపాడవచ్చును. ఆ చిత్రములందు గల యెదిరియొడ్డు నేటికిని ఎదిరియొడ్డుగనే యున్నదా, వన్నె తగ్గి ఈవలికి వచ్చినదా యని విచారించు బాధ్యత తెలుగువారిదే.

మీ యిండ్లలో తాతలనాటి చిత్రము గాని, ఛాయాపటము గాని, రంగులద్దిన వస్త్రము గాని యున్నచో ఒక మనవి. దానిని వీధివాకిటి యెండ పడు గోడకు వ్రేలాడదీయకుడు. చెమ్మగోడకు ఆనింపకుడు. ఎండ తగులని గదిలో నుంచి, చూడవలెననిపించినప్పుడు పిల్లలను కూడ పిలిచి తీసి చూపుడు. మఱియు నెవ్వరేని బాలుడు పలకమీద కొండను గీసి పచ్చరంగు పూసినచో వానిని కోపింపక చెఱువుగట్టునకు తీసికొనిపోయి, కొండ ఏ రంగున నున్నదో చూడుమని యడుగుడు. తాను ఎఱిగినది వేఱు, తనకు కనబడునది వేఱు అని వాడు గ్రహించిన క్షణమున వేయేండ్లనాడు గువో షీ వెదకిన ప్రశ్నయే వాని ముందు నిలుచును. సమాధానము వాడు వెదకుకొనును. రేపటి యుదయమున మీరును ఆ గట్టుపై ఒక్క నిమిషము నిలిచి, కొండను గాక, కొండకును మీకును నడుమనున్నదానిని చూడుడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.